సృష్టికర్తల నోట్ ఫైలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, నేను కరవు భత్యం బకాయిల గురించో ఆరోగ్య కార్డుల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది ఇంగ్లీషు సినిమాల గురించి. అందులోనూ, ఎక్కడో నక్షత్రాల నుంచి వచ్చి మనుషులను తయారుచేసిపోయారని చెప్పే సినిమాల గురించి. పెద్దలు నవ్వుకున్నా ఫరవాలేదు గాని, చివరిదాకా చదవమని మనవి.

మా మనవడు ఇంజినీరింగు చదివే రోజుల్లో సెలవులకు వచ్చి రాత్రిళ్లు ఇలాంటి సినిమాలు చూసేవాడు. నిద్ర పట్టని వయసు కనుక నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. వాడికి రాకెట్లూ రాక్షసులూ కావాలి. నా ధ్యాస మాత్రం ఒకే ప్రశ్న మీద ఉండేది. ముప్పై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఏ ఫైలు చేతికి వచ్చినా ముందు నోట్ ఫైలు తిప్పడం అలవాటు. ఉత్తర్వు కరెంటు ఫైలులో ఉంటుంది. ఆ ఉత్తర్వు ఎందుకిచ్చారు, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు అడ్డు చెప్పారు అన్నది నోట్ ఫైలులో ఉంటుంది. ఈ సినిమాల్లో ఉత్తర్వు కనిపిస్తూనే ఉంది: మనిషి పుట్టాడు. నోట్ ఫైలే కనిపించదు.

సృష్టికర్త ఎందుకు సృష్టించాడన్న ప్రశ్న మన పెద్దలకు కొత్త కాదు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం దీన్ని తేల్చకుండానే ముగుస్తుంది. బ్రహ్మసూత్రాలు లీల అన్నాయి. ఆ చర్చ నా స్థాయికి మించినది, పండితులకే వదిలేస్తున్నాను. అయితే సినిమావాళ్ల సృష్టికర్తలు దేవుళ్లు కారు. వాళ్లకు ఓడలున్నాయి, గోదాములున్నాయి, ప్రమాదాలూ చావులూ ఉన్నాయి. అంటే వాళ్లదీ ఒక విధమైన కార్యాలయమే. కనుక గుమాస్తా ప్రశ్న అడగవచ్చు.

ఈ ఊహకు మూలపురుషులలో ఒకడు హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ రచయిత. 1936లో ఒక పత్రికలో ధారావాహికగా వచ్చిన ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ అనే ఆయన కథలో, అంటార్కిటికా మంచు మధ్య ఒక పాడుబడిన మహానగరం బయటపడుతుంది. నక్షత్రాల నుంచి దిగిన జీవులు కట్టుకున్నది. తిండికీ చాకిరీకీ కావలసిన ప్రాణులను వాళ్లు తయారుచేసుకున్నారు. ఆ పనిలో వాళ్ల దృష్టి తప్పించుకుని పెరిగినదే భూమి మీది మిగతా జీవమంతా. వేళాకోళానికో పొరపాటునో చేసి ఉంటారని కూడా ఆ కథ సూచిస్తుంది. చిత్తు కాగితం మీద పనిలేని వేళ గీసిన పిచ్చిగీత అన్నమాట మనిషి. చదివితే నవ్వు వస్తుంది, ఆ తరువాత కాస్త భయం కూడా వేస్తుంది.

ఆ తరువాత వచ్చినవాడు నైజెల్ నీల్. బ్రిటిష్ రచయిత. ఈయన రాసిన ‘క్వాటర్‌మాస్ అండ్ ది పిట్’ బి.బి.సి. టెలివిజన్‌లో 1958 డిసెంబరు నుంచి 1959 జనవరి వరకు ఆరు భాగాలుగా వచ్చింది. 1967లో సినిమా అయింది. లండనులో భూగర్భ రైలు స్టేషను కోసం తవ్వుతుంటే ఒక ఓడ దొరుకుతుంది. దాని వయసు యాభై లక్షల ఏళ్లు. అంగారకుడి మీద బతికిన మిడతల వంటి జీవులు, తమ గ్రహం చచ్చిపోతుంటే, ఇక్కడి కోతులను పట్టుకెళ్లి, మెదళ్లు మార్చి, తిరిగి దింపి వెళ్లాయి. తాము బతకలేరు కనుక తమ బుద్ధినైనా ఇంకొకరి ఒంట్లో బతికించుకోవాలని. ఇక్కడ కారణం స్పష్టంగా రాసి ఉంది. దత్తత వంటిదే, కాకపోతే దత్తుడిని అడగలేదు. అంతటితో ఆగదు. ఆ జీవులకు తమలో తేడాగా కనిపించినవాటిని వేటాడి చంపే అలవాటు ఉండేది. ఆ అలవాటు కూడా మనిషికి వారసత్వంగా వచ్చిందంటుంది కథ. ఆ ధారావాహిక రావడానికి కొద్ది నెలల ముందే, అదే 1958 వేసవి చివర, లండనులోని నాటింగ్ హిల్‌లో వెస్టిండీస్ నుంచి వచ్చి స్థిరపడిన నల్లవారి మీద దాడులు జరిగాయి. చూసినవారికి విషయం అర్థం కాకపోయి ఉండదు. సృష్టికర్త ఉద్దేశాన్ని ఇంత సూటిగా చెప్పి కూడా చిన్నబోని కథ, నాకు తెలిసి, ఇదొక్కటే.

ఇక అందరికీ తెలిసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’. 1968 ఏప్రిల్‌లో విడుదలైంది. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్. కథలో భాగస్వామి ఆర్థర్ సి. క్లార్క్. 1956 నుంచి 2008లో చనిపోయేదాకా మన పొరుగున శ్రీలంకలోనే కాపురమున్న మనిషి. 1951లో అచ్చయిన ఆయన చిన్న కథ ‘ది సెంటినెల్’ దీనికి విత్తనం. ఆఫ్రికాలో ఆకలితో అల్లాడుతున్న కోతిమూక ముందు ఒక తెల్లవారుజామున నల్లని రాతిపలక నిలబడి ఉంటుంది. తాకుతాయి. తరువాత ఒక కోతి ఎముకను ఆయుధంగా పట్టుకుంటుంది. అక్కడి నుంచి కథ ఒక్క గంతులో చంద్రుడి మీదికి దూకుతుంది. ఆ పలకను పెట్టినవారెవరో సినిమా చూపదు. గ్రహాంతరవాసులకు ఏదో ఒక రూపం ఇవ్వాలని కుబ్రిక్ చాలాకాలం ప్రయత్నించి మానుకున్నాడు. నేరుగా చూపవద్దని సలహా ఇచ్చినవారిలో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ ఒకరు.

మా మనవడికి ఈ సినిమా మొదటి అరగంటలోనే నిద్ర వచ్చింది. నాకు రాలేదు. మరుసటి వారం వాడిచేత క్లార్క్ నవల తెప్పించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అదీ 1968లోనే వచ్చింది. సినిమా దాచినదాన్ని నవల చెబుతుంది. విశ్వమంతా తిరిగిన ఆ జీవులకు బుద్ధి కంటే విలువైనది ఏదీ కనిపించలేదట. అందుకని ఎక్కడ దాని మొలక కనిపిస్తే అక్కడ నీళ్లు పోసి పెంచారు. రైతు పని. అయితే రైతు కలుపు కూడా తీస్తాడు కదా, వాళ్లూ తీశారని ఒక చిన్న మాట అందులో ఉంది. ఆ కలుపుతీత మాట దగ్గర నేను పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. దాని అవసరం ముందు వస్తుంది.

కుబ్రిక్ సినిమాలో నోట్ ఫైలు లేకపోలేదు. అది బీరువాలో ఉంది, బీరువాకు తాళం వేశారు. తాళం వేసినవాడికి లోపల ఏముందో తెలుసు. చూసేవాడికి ఆ సంగతి ఎలాగో తెలిసిపోతుంది. అందుకే అర్థం కాకపోయినా మనసు ఊరుకుంటుంది.

అదే 1968లో ఎరిక్ ఫాన్ డానికెన్ అనే ఆయన పిరమిడ్లూ పురాణాలూ అన్నీ గ్రహాంతరవాసుల పనేనంటూ ఒక పుస్తకం రాసి లోకమంతా అమ్మాడు. అందులో సాక్ష్యం కంటే సాహసం ఎక్కువ. దానికంటే గౌరవించదగినది 1973లో వచ్చిన ఒక శాస్త్ర వ్యాసం. డి.ఎన్.ఏ. నిర్మాణం కనుగొన్న ఫ్రాన్సిస్ క్రిక్, ఆయన మిత్రుడు లెస్లీ ఆర్గెల్ కలిసి రాశారు. ఎవరో మనుషులు లేని ఓడలో సూక్ష్మజీవులను నింపి బుద్ధిపూర్వకంగా ఇటు పంపి ఉండవచ్చు కదా అని వారి ప్రతిపాదన. ఎందుకు పంపుతారన్న ప్రశ్న వారూ వేసుకున్నారు. కొన్ని ఊహలు చెప్పి, వాళ్ల కారణాలు మన ఊహకు అందనివి కూడా కావచ్చునని ఒప్పుకున్నారు. నోబెల్ బహుమతి పొందినవాడు అంతమాట ఒప్పుకోవడం నాకు నచ్చింది.

ఈ సందర్భంలో హైదరాబాదువారికి ఒక సంగతి గుర్తుచేయాలి. జీవం ఆకాశం నుంచి రాలిందా అన్న విచారణలో మన ఊరికీ భాగముంది. 2005 ఏప్రిల్ 20న టాటా ఇన్‌స్టిట్యూట్ వారి హైదరాబాదు బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్‌ను ఎగరేసింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. హైదరాబాదు సి.సి.ఎం.బి.లోను, పూనాలోను పరీక్షించగా, అప్పటిదాకా ఎవరికీ తెలియని మూడు రకాల బాక్టీరియా అందులో ఉన్నట్టు తేలింది. 2009లో ప్రకటించారు. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. అవి బయటి నుంచే వచ్చాయని మాత్రం శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పలేదు. బాధ్యత తెలిసినవారి భాష అలాగే ఉంటుంది.

2000లో ‘మిషన్ టు మార్స్’ అనే సినిమా వచ్చింది. అందులో అంగారక వాసులు తమ గ్రహం మీద ఉల్క పడి పోతుంటే, వెళుతూ వెళుతూ భూమి మీద జీవం విత్తి వెళ్లారు. చివర్లో బొమ్మలు వేసి మరీ వివరిస్తారు. ఒక్క అనుమానమూ మిగలదు. సినిమా కూడా మిగలదు.

ఇప్పుడు అసలు ఫైలుకు వస్తాను. ‘ప్రొమీథియస్’, 2012. దర్శకుడు రిడ్లీ స్కాట్. 1979లో ‘ఏలియన్’ తీసినవాడూ ఆయనే. 1937లో పుట్టిన మనిషి. సినిమా విడుదలయ్యేనాటికి ఆయనకు 74 ఏళ్లు, అంటే సరిగ్గా నా ఈనాటి వయసు. ఆ సంగతి తెలిశాక సినిమాను ఇంకోసారి చూశాను.

మొదట ఒక జలపాతం. ఐస్‌లాండులో తీశారు. తెల్లని భారీ మనిషి ఒకడు అంచున నిలబడి గిన్నెలోని నల్లని ద్రవం తాగుతాడు. ఒళ్లు ముక్కలై నీటిలో పడుతుంది. ఆ ముక్కల నుంచి కొత్త జీవం మొదలవుతుంది. వీళ్లకు సినిమా పెట్టిన పేరు ఇంజినీర్లు. మన పి.డబ్ల్యు.డి. మిత్రులు గర్వపడవచ్చు. తరువాత కథ 2089కి వస్తుంది. ఒకరినొకరు ఎరుగని ప్రాచీన నాగరికతల బొమ్మల్లో ఒకే నక్షత్రాల గుర్తు కనిపిస్తుంది. అది ఆహ్వానమని ఎలిజబెత్ షా, ఆమె సహచరుడు నమ్ముతారు. 2093లో ఓడ ఆ చోటికి చేరుతుంది. చూస్తే అది వాళ్ల ఊరు కాదు, ఆయుధాగారం. లోపల ఇంజినీర్లు రెండువేల ఏళ్ల క్రితమే చచ్చిపడి ఉన్నారు. మిగిలిన ఒక ఓడ నిండా నల్లని విషం. దాని గమ్యం భూమి.

ఇంతకంటే తికమక ఫైలు నా సర్వీసులో చూడలేదు. సృష్టించడానికి ఒకడు ప్రాణమిచ్చాడు. తరువాత వచ్చి మనుషులకు చిరునామా చెప్పారు. ఆ చిరునామా మందుగుండు గోదాముది. ఆపైన అందరినీ చంపడానికి ఓడ నింపారు. ఎందుకు? రెండువేల ఏళ్ల లెక్క వెనుక క్రీస్తు కథను తలపించే ఆలోచన ఒకటి ఉండేదని, అది మరీ బాహాటంగా ఉంటుందని వదిలేశామని స్కాట్ 2012లోనే చెప్పాడు. సినిమాలో ఆ మాట లేదు. తయారీదారులు తలా ఒక చెయ్యి వేసి అతుకులు సరిగా వెయ్యలేదని విమర్శకులు కొందరన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

అయితే గుమాస్తా కంటితో చూస్తే నాకు ఇంకొకటి తోచింది. ఈ మూడు పనులూ ఒకే మనసు చేసిందని మనం ఎందుకు అనుకోవాలి? జలపాతం దగ్గర తాగినవాడి కాలానికీ, ఓడ నింపినవారి కాలానికీ మధ్య ఎన్ని యుగాలో! మన కార్యాలయాల్లో పదేళ్లలోనే ముందటి అధికారి ఇచ్చిన పట్టాను తరువాతి అధికారి రద్దు చేస్తాడు. సీలు అదే, లెటర్‌హెడ్ అదే, పేరు కింద హోదా అదే. బయటివాడికి ప్రభుత్వం మాట మార్చినట్టు కనిపిస్తుంది. లోపల చూస్తే మనిషి మారాడు. మనను పుట్టించిన ఇంజినీరూ, చంపబోయిన ఇంజినీరూ ఒకరికొకరు తెలియకపోవచ్చు. ముఖం ఒకటే కనుక షా ‘వాళ్లు’ అంటుంది. లేదా క్లార్క్ చెప్పిన కలుపుతీత. కాని కలుపు తీసే రైతు ముందుగా కలుపుమొక్కకు తన ఇంటి దారి చెప్పడు.

ఇంకొక మాట చెప్పాలి. ఉత్తర్వు వల్ల కలిగిన నష్టాన్ని బట్టి ఉద్దేశాన్ని ఊహించడం ప్రమాదం. నేను 1951లో పుట్టాను. మా నాన్నగారు బడిలో 1950 అని వేయించారు. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. రిజిస్టరుకెక్కిన పుట్టుక తిరిగి మారదని మీకు తెలుసు. 2008లో నిజానికి యాభై ఏడేళ్లకే ఇంటికి వచ్చాను. ఆ ఏడాదిలో రావలసిన పదోన్నతి, దానితో పింఛనులో తేడా, అన్నీ పోయాయి. మా నాన్నగారు ఎందుకలా చేశారో చెప్పకుండానే 1979లో కాలం చేశారు. చాలా ఏళ్లు మనసులో కష్టంగానే ఉండేది. రిటైరయ్యాక ఒకసారి మా మేనత్త అంది: “మీ అన్న ఒక్కడే మూడు మైళ్లు నడిచి బడికి వెళ్లాలిరా. మధ్యలో వాగు. తోడు కోసం నిన్నూ అదే ఏడు వేశాడు మీ నాన్న. వయసు చాలదన్నారు, పెంచి రాయించాడు.” అది నిజమో, ఆవిడ ఊహో నాకు తెలియదు. నిజమే అయితే, ఆ కారణం యాభై ఏళ్ల తరువాతి పింఛనుకు సంబంధించినది కానే కాదు. ఒక వాగుకు సంబంధించినది.

ప్రొమీథియస్‌లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేయ్‌ల్యాండ్ అనే ముసలాయన. ఆ యాత్రకు డబ్బు పెట్టిన కోటీశ్వరుడు. చచ్చిపోయాడని చెప్పి, ఓడలోనే రహస్యంగా నిద్రపుచ్చి తెచ్చారు. ఆయన సృష్టి రహస్యం అడగడానికి రాలేదు. ఇంకొంచెం ఆయుష్షు అడగడానికి వచ్చాడు. మన భాషలో సర్వీసు ఎక్స్‌టెన్షన్. ఏటేటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకునే మనం ఆయనను చూసి నవ్వలేం. ఆ వేషం వేసినది నలభై దాటిన గై పియర్స్ అనే నటుడు. రంగు పూత కాస్త ఎక్కువే అయింది. నడక మాత్రం నిజమైన ముసలివాడిదే.

బతికి ఉన్న ఒక్క ఇంజినీరును నిద్ర లేపుతారు. ముసలాయన తరఫున డేవిడ్ అనే మరమనిషి మాట్లాడతాడు. ఏ భాషలో? సంస్కృతానికీ, లాటిన్‌కూ, గ్రీకుకూ తల్లి అనదగిన భాష ఒకటి ఉండేదని భాషాశాస్త్రజ్ఞులు ఊహించి పునర్నిర్మించారు. దాని ఆధారంగా ఒక పండితుడు సినిమా కోసం మాటలు కూర్చాడు. అంతకుముందు డేవిడ్ ఓడలో ఒంటరిగా చదువుకునే పాఠం కూడా, 1868లో ష్లైషర్ అనే జర్మన్ పండితుడు ఆ భాషలో రాసిన గొర్రె, గుర్రాల కథే. మన ‘అవి’, ‘అశ్వ’ శబ్దాలకు దగ్గరి మాటలు అందులో ఉన్నాయి. డేవిడ్ చెప్పినదానికి తెర మీద అనువాదం వేయలేదు. ఈయనకు చావాలని లేదు, ఆయుష్షు మీరివ్వగలరని నమ్ముతున్నాడు అన్నది దాని సారమని ఆ పండితుడే తరువాత వెల్లడించాడు. ఇంజినీరు విన్నాడు. డేవిడ్ తల నిమిరాడు. ఆ తలనే పెరికి, దానితోనే ముసలాయనను కొట్టి చంపాడు.

ఆ చెయ్యి ముందు ఎందుకు నిమిరింది? చిత్రీకరించినప్పుడు అక్కడ ఇంజినీరుకు కొంత సంభాషణ ఉండేది. విడుదలలో తీసేశారు. తీసేయడమే మంచిదయింది. ముప్పై ఏళ్ల ముందు, 1982లో, ఇదే దర్శకుడు ‘బ్లేడ్ రన్నర్’లో ఇదే ఘట్టాన్ని తిరగేసి తీశాడు. అక్కడ నాలుగేళ్ల ఆయుష్షుతో తయారైన కృత్రిమ మనిషి తన యజమాని దగ్గరికి వెళ్లి ఆయుష్షు అడుగుతాడు. యజమాని మర్యాదగానే, వీలుకాదని కారణాలతో సహా చెబుతాడు. అడిగినవాడే ఆయనను చంపేస్తాడు. కారణం చెప్పినా చంపాడు, చెప్పకపోయినా చంపారు. నలభై అయిదేళ్లకు ముందు తీసిన మనిషి బిడ్డ పక్షాన ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్లకు ఎవరి పక్షాన ఉన్నాడో నాకు అంతుపట్టలేదు.

ఈ సినిమాలో నోట్ ఫైలు దొరికే చోటు ఒకటే ఉంది. డేవిడ్ ఒకసారి షా సహచరుణ్ణి అడుగుతాడు, మీవాళ్లు నన్నెందుకు చేశారని. చేయగలిగాం కనుక చేశామని అతను తేలిగ్గా అనేస్తాడు. మీ సృష్టికర్త నుంచి మీకూ అదే జవాబు వస్తే ఎంత నిరాశగా ఉంటుందో ఊహించుకోమని డేవిడ్ మర్యాదగా అంటాడు. అతను తాగిన మైకంలో ఉన్నాడు, పట్టించుకోలేదు. మా మనవడు అక్కడ సినిమా ఆపి, “తాతయ్యా, ఇదే కదా నువ్వు వెతికేది?” అన్నాడు. వాడు కృత్రిమ మేధ చదువుతున్న కుర్రాడు. “మరి మీరు అక్కడ చేసేవి ఎందుకు చేస్తున్నార్రా?” అని అడిగాను. వాడు నవ్వి, ప్రాజెక్టులు వస్తున్నాయి తాతయ్యా అన్నాడు.

షా చివరికి డేవిడ్ తెగిన తలను సంచిలో వేసుకుని, ఇంజినీర్ల సొంత ఊరికి ప్రయాణమవుతుంది. భూమికి తిరిగి వెళ్లదు. పుట్టించినవాళ్లు మనసెందుకు మార్చుకున్నారో అడగాలట. ఆ జవాబు అనవసరమని డేవిడ్ అంటాడు. 2017లో వచ్చిన ‘ఏలియన్: కవనెంట్’లో ఆ ఊరు కనిపిస్తుంది. ఆమె అడగనేలేదు. వాళ్ల ఓడలోని విషాన్నే డేవిడ్ వాళ్ల నెత్తిన కుమ్మరించి నగరమంతా చంపాడు. షానూ బతకనివ్వలేదు. 2024లో ‘ఏలియన్: రోములస్’ వచ్చింది. అందులో ఆ నల్లద్రవం ఉంది గాని ఇంజినీర్ల సంజాయిషీ లేదు.

చూడదలచిన సభ్యులకు ఒక సూచన. ‘2001’ని పగటిపూట, భోజనానికి ముందు చూడండి. ‘క్వాటర్‌మాస్’ పాతది, రంగులు కాస్త వెలిసినా మాట తీరు బాగుంటుంది. ‘ప్రొమీథియస్’లో షా తనకు తానే యంత్రంతో ఆపరేషను చేయించుకునే ఘట్టం ఉంది. రక్తపోటు ఉన్నవారు అప్పుడు లేచి మంచినీళ్లకు వెళ్లిరావచ్చు, కథేమీ పోదు. వేయ్‌ల్యాండ్ నిద్ర లేచే సమయానికి మాత్రం తిరిగి వచ్చి కూర్చోండి.